సర్వర్ దొరవారికి బెంచీ మీది జనం విన్నపం

మహారాజశ్రీ సర్వర్ దొరవారి సముఖానికి,

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపుల నుంచి పనులు మానుకుని వచ్చి, ఆఫీసు బెంచీల మీద కూర్చున్న దరఖాస్తుదారులు చేసుకునే విన్నపం.

తమరు ఎక్కడుంటారో మాకు తెలీదు. ఏ ఆఫీసుకెళ్లినా తమ పేరే చెబుతారు. తహసీల్దారుగారికి బదిలీ ఉంది, రిటైర్మెంటు ఉంది. తమకు రెండూ లేవు. ‘సర్వర్ డౌనండీ’ అన్నాక ‘ఆయ్’ అని లేచి రావడమే తప్ప మారుమాటాడిన వాడు ఈ సీమలో లేడు.

మొన్న ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి) అన్నాచెల్లెళ్ల పంపకాల దస్తావేజు. ఆడపడుచులిద్దరూ నర్సాపురంలో పంటెక్కి సఖినేటిపల్లి రేవులో దిగి వచ్చారు. అన్నగారు కొబ్బరి దింపు కార్మికుడు. చెట్లెక్కీ ఎక్కీ అరిగిపోయిన బొటనవేలు వేలిముద్ర యంత్రానికి ఆనదు. తలకు రుద్దుకున్నాడు, తుండుతో తుడుచుకున్నాడు, గట్టిగా అదిమాడు. ఎట్టకేలకు పచ్చలైటు వెలిగింది. ఆ సంబరం తీరకుండానే తెర తెల్లబోయి 504 అంది. కంప్యూటరు కుర్రాడు ఎఫ్5 నొక్కాడు. ఈసారి 502. ‘డౌనండీ!’

మా అభ్యంతరం ఇక్కడే. తమరు పడిపోతే ఆ 502 అన్నదెవరు? పడిపోయిన వాడు నంబరు చెప్పడు కదా. మొదటి పేజీ, నాయకుల ఫొటోలు, పథకాల బొమ్మలు అప్పటికీ టకటకా తెరుచుకుంటూనే ఉన్నాయి. అవి ముందున్న వెబ్ సర్వర్ తన దగ్గరి ఫైళ్లలోంచి తీసి ఇచ్చేవి. దరఖాస్తు పేజీ అలా కాదు. వెనకున్న అప్లికేషన్ డేటాబేస్‌ని అడిగి అప్పటికప్పుడు తయారు చేయాలి. రేవులో టిక్కెట్లు తెగుతూనే ఉన్నాయి, పంటు మీద సరంగు లేడు, అదీ సంగతి. వెనకవాడి జవాబు సరిగా లేకపోతే 502. వేళకు రాకపోతే 504. రద్దీ గానీ మరమ్మతు గానీ అయితే 503. ఇవేం దేవరహస్యాలు కావు. 502, 503 అయితే 1996 నాటి హెచ్‌టీటీపీ పత్రంలోనే ఉన్నాయి.

హైదరాబాదులో, బెంగళూరులో సర్వర్లు చూసుకునే పని చేసే పిల్లలు మా ఇళ్లలోనూ ఉన్నారు. ముందు లాగ్ (యంత్రం రాసుకునే చిట్టా) చూడాలంటారు వాళ్లు. అప్లికేషన్ ఆగిపోయిందా, డేటాబేస్ కనెక్షన్లు నిండుకున్నాయా, డిస్కులో చోటుందా అన్నవి ఆ తర్వాత. రోజూ రాసుకునే లాగ్ ఫైళ్లే డిస్కు నింపేసి అంతా ఆపేయడం కూడా కద్దట. ఆ సంగతి విని మేం నవ్వాం. తమరు ఏమీ అనుకోకండి.

1998లో రిజిస్ట్రేషన్లకు ‘కార్డ్’ అనే కంప్యూటరు పద్ధతి వచ్చినప్పుడు ఏ ఆఫీసు యంత్రం ఆ ఆఫీసులోనే ఉండేది. మొరాయిస్తే ఆ ఒక్క ఊరికే సెలవు. ఇప్పుడు వెనక ఒక్కటి జారితే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా బెంచీలు నిండుతాయి. పాత పద్ధతే మేలని కాదు. నకలు కోసం అప్పట్లో తిరిగిన తిరుగుడు మా నాన్నలకి తెలుసు. కానీ 2019 అక్టోబరు 2న మాకు దగ్గరి కరపలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి, 2025 జనవరిలో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలకు ‘మన మిత్ర’ వచ్చింది. కిటికీలు పెంచిన వాళ్లు కిటికీ వెనక మనిషిని కూడా పెంచాలి కదండీ.

కోరేది పెద్దదేం కాదు. 503 పంపేటప్పుడు ‘ఇంతసేపాగి రండి’ అని చెప్పడానికి రిట్రై-ఆఫ్టర్ అని ఒక గడి ఉంది. ఎన్ని సెకన్లో వేయొచ్చు. తేదీ, టైమూ కూడా వేయొచ్చు. దాన్ని ఖాళీగా వదలకండి. అందులోని అంకెని ఆఫీసు గోడ మీద బోర్డుకెక్కించమని కిందివాళ్లకి ఉత్తర్వు ఇప్పించండి. గంటంటే గంట కూర్చుంటాం. రేపంటే రేపే వస్తాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
బెంచీ మీది దరఖాస్తుదారులు,
కోనసీమ