డెక్కకు ఢోకా లేదు

మన ప్రభుత్వాలకు పర్యావరణం పట్టదని గిట్టనివాళ్లు అంటుంటారు. ఉత్త అభాండం. ఏ చట్టమూ చేయకుండా, పార్టీలు మారినా పట్టుదల మారకుండా, మనవాళ్లు ఒక నీటిమొక్కను దశాబ్దాలుగా కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నారు. కృష్ణా, గోదావరి డెల్టా కాలువల్లో, కొల్లేట్లో, హైదరాబాద్ చెరువుల్లో, మూసీలో ఎక్కడ చూసినా పచ్చగా, ఒత్తుగా, నిశ్చింతగా ఉంటుంది. గుర్రపుడెక్క.

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ప్రపంచంలో అతి చేటు చేసే వంద ఆక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ నిపుణులు కూర్చిన జాబితాలో దీనికి చోటుంది. అంతరించిపోయేవాటికి ఒక జాబితా, పక్కవాటిని అంతరింపజేసేవాటికి ఇంకో జాబితా. మొదటిదాంట్లో పేరుంటే కంచె, కాపలా, బోర్డు వస్తాయి. రెండోదాంట్లో ఉంటే టెండరు వస్తుంది. ఏది మేలో కాంట్రాక్టర్లను అడగండి.

ఒక మొక్కను చేతిలోకి తీసుకుని చూడండి. కాడ ఉబ్బి బుడ్డలా ఉంటుంది. నొక్కి చీలిస్తే లోపలంతా గాలిగదులు, అందుకే మునగదు. కింద నల్లటి వేళ్లు కుచ్చులుగా వేలాడతాయి. వాటికి మట్టితో పనిలేదు, నీళ్లలో కరిగిన నత్రజని, భాస్వరం చాలు. పక్కకి ఒక తీగ చాచి దాని కొసన పిల్లమొక్కను పెడుతుంది. రోజులు కలిసొస్తే రెండు వారాల్లోపే సంసారం రెట్టింపు. పువ్వు లేత ఊదా, పై రేక మీద పసుపు మచ్చ. నిజం చెప్పాలంటే అందగత్తే, తోటల్లో కొలనులకు సింగారమని ఆ పువ్వును చూసే దేశదేశాలకు మోసుకెళ్లారు. ఇక గింజలు బురదలో పడి ఇరవై ఏళ్లయినా మొలకెత్తడానికి సిద్ధంగా ఉంటాయి. అంటే నాలుగు ప్రభుత్వాల కాలం.

మొక్కను బతికించడం తేలికే, దాని ఆవాసాన్ని నిలబెట్టడమే కష్టమంటారు తెలిసినవాళ్లు. మనకా కష్టం లేదు. ఊళ్లు శుద్ధి చేయని మురుగు వదిలి పోషణ చూసుకుంటాయి. చేపల చెరువులవాళ్లు మిగిలిన మేతను నీళ్లతో సహా డ్రెయిన్‌లోకి తోడేస్తారు. పొలాల్లో చల్లిన యూరియా వానకి కరిగి తనంతట తానే వచ్చి చేరుతుంది. జోరుగా పారే నీళ్లలో డెక్క కుదురుకోలేదు కాబట్టి, నీళ్లు పారకుండా చూసే పూచీ ఆక్రమణదారులు తీసుకున్నారు. పూడిక కదిలించకుండా సర్కారు తన వంతు తాను చేస్తోంది. ఇంతమంది, ఒక్క సమన్వయ సమావేశమైనా లేకుండా, ఒకే లక్ష్యానికి పనిచేయడం మన పాలనలో ఇంకెక్కడైనా చూశారా? కొల్లేరుకు 1999లో అభయారణ్యం హోదా, 2002లో రామ్‌సర్ చిత్తడినేల గుర్తింపు వచ్చాయి. కాగితాల్లో పక్షుల కోసమని రాశారు. విజయవాడ, ఏలూరు, గుడివాడల మురుగు కూడా అక్కడికే చేరుతుంటే, ఈ హోదా తనకేనని డెక్క అనుకోవడంలో తప్పేముంది? ఆ సరస్సు నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అక్కడ కూడా అడ్డంగా పడుకునేది ఇదే.

తొలగించడం లేదా అంటే, ఎందుకు లేదు! ఏటా తొలగిస్తారు. కాలువ కట్టేసిన ఎండాకాలంలో ఎస్టిమేట్లు పైకి వెళ్తాయి. కాలువకు నీళ్లు వదిలే వేళకు కిందికి దిగుతాయి. ఎండిన కాలువలో దానంతటదే మాడే మొక్కను, నీళ్లొచ్చి తేలేదాకా ఆగి తీయడం అహింసా ధర్మం. తీసింది ఎక్కడికి పోతుంది? శివారు ఊళ్లో గట్టు మీద నిలబడ్డ కాలువ లస్కర్‌ని అడిగాను.

“ఏం బాబాయ్, ఇంత తీసీ మళ్లీ కాలవ గట్టునే పోశారేం?”

“ఎస్టిమేట్లో తీతే ఉంది బాబూ, మోత లేదు.”

“వానొస్తే?”

“వానొస్తే దిగుద్ది. దిగితే మళ్లీ తీత. ఎం-బుక్కులో కొత్త పేజీ.”

ఈ మొక్కలో తొంభై శాతానికి పైగా నీళ్లే. తీసిన రోజు కొలిస్తే గుట్ట, తనిఖీకి ఎవరైనా వచ్చేసరికి గుప్పెడు పొట్టు. ఆడిట్‌కి ఇంతకన్నా అనువైన సరుకును ప్రకృతి ఇంతవరకూ పుట్టించలేదు.

ఈ విద్య తెలియక వేరేచోట్లవాళ్లు నానా తంటాలు పడ్డారు. 1910లో అమెరికా కాంగ్రెస్‌లో లూసియానా ప్రతినిధి రాబర్ట్ బ్రూసార్డ్ ఒక బిల్లు పెట్టాడు. ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలను తెచ్చి దక్షిణాది నీళ్లలో వదలాలి. అవి డెక్కను మేస్తాయి, జనం వాటి మాంసం తింటారు. బిల్లు గట్టెక్కలేదు. మన దగ్గరైతే ముందు నీటిగుర్రాల మేతకు టెండరు పిలిచేవాళ్లు. బెంగాల్‌లో 1936లో ఏకంగా చట్టమే చేశారు, సొంత స్థలంలో డెక్కను ఉండనివ్వడం నేరమని. మరుసటేడు ఎన్నికల్లో డెక్కను పీకేస్తామని పార్టీలు ఓటర్లకు మాటిచ్చాయి. ఎన్నికల వాగ్దానాల్లోకి ఎక్కినదానికి ఇక చావేమిటి?

1980లలో బెంగళూరులో శాస్త్రవేత్తలు ఇంకో దారి పట్టారు. డెక్కను తిని బతికే, దాని పుట్టింటి వైపు నుంచే వచ్చిన ముక్కుపురుగులను చెరువుల్లో వదిలారు. కొన్నిచోట్ల బాగానే తిన్నాయి. కాకపోతే వాటికి కొన్నేళ్ల గడువు కావాలి, కమీషన్ మాత్రం అక్కర్లేదు. అలాంటివాటిని ఏ శాఖైనా ఎలా నమ్ముతుంది?

డెక్క పరుచుకున్నచోట అడుక్కి వెలుతురు దిగదు. నాచు చస్తుంది, చేప ఊపిరాడక తేలుతుంది, కలువకీ తామరకీ చోటుండదు. మాన్సోనియా అనే దోమకు మాత్రం పండగ. దాని పిల్ల ఊపిరి కోసం పైకి రానక్కర్లేదు, డెక్క వేరుకు గొట్టం గుచ్చి గాలి లాక్కుంటుంది. ఆ విధంగా ఫాగింగ్ యంత్రానికి కూడా ఉపాధి.

మరి నిజంగా అంతరించబోయే మొక్కలకేం జరుగుతుందో రువాండా కలువను చూస్తే తెలుస్తుంది. నింఫియా థర్మారమ్. ప్రపంచంలోకెల్లా చిన్న కలువ, ఆకు ఒక్కోసారి సెంటీమీటరే. జర్మన్ శాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ ఫిషర్ 1987లో మషూజా అనేచోట వేడినీటి ఊట పక్కన, తడిబురదలో కనిపెట్టాడు. ఊట నీళ్లను ఊరి అవసరాలకు మళ్లించారు, బురద ఎండింది, 2008 నాటికి అక్కడ ఒక్కటీ కనబడకుండా పోయింది. లండన్ క్యూ గార్డెన్స్‌లో కార్లోస్ మగ్దలేనా నానా పాట్లు పడి గింజల నుంచి మళ్లీ పెంచాడు. మిగతా కలువల్లా నీళ్లలో ముంచితే ఇది బతకదని, నీటి మట్టానికి సరిగ్గా మట్టి ఉండాలని అర్థమయ్యాకే అది నిలిచింది. 2014 జనవరిలో ఎవరో ఒక మొక్కను ఎత్తుకుపోయారు, పోలీసులు కూడా వచ్చారు. డెక్కను ఎత్తుకుపోయేవాడుంటే మన రైతు సన్మానం చేసేవాడు.

ఇంత యాతన దేనికి? మన ఇరిగేషన్ ఏఈ ఒకాయన్ని డిప్యుటేషన్ మీద రువాండా పంపితే సరి. ఊట పక్కన ‘కలువ తొలగింపు పనులు’ అని బోర్డు పాతించి, కొలతలు వేసి, బిల్లు నడిచే దారి చూపిస్తే, రెండేళ్లు తిరిగేసరికి ఆ దేశమంతా కలువలే. ఎస్టిమేట్లో మాత్రం తీతే రాయాలి. పొరపాటున మోత రాశారో, జాతి నాశనం.