ఏ ఒడ్డున టేబుల్ మంచిది?

పత్తాలాటలో ముక్కలు చూసి ఆడేవాడు చిన్న ఆటగాడట, టేబుల్ చూసి కూర్చునేవాడు పెద్ద ఆటగాడట. ఇది మా బావ సిద్ధాంతం. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే మనిషి కాబట్టి సిద్ధాంతానికి అంకెలు కూడా ఉంటాయి. ఆన్‌లైన్ పోకర్ లాబీ తెరిస్తే ఒక్కో టేబుల్ పక్కన సగటున ఆటకెంత డబ్బు పోగవుతోందో, నూటికి ఎంతమంది ముక్కలు పడేయకుండా ఆటలో మిగులుతున్నారో కనిపించేది. ఆ రెండో అంకె పెద్దదైతే, చేతికొచ్చిన చెత్త ముక్కలతో కూడా ఆడేసే ధర్మాత్ములు అక్కడ కూర్చున్నారని అర్థం.

"గసోంటి టేబులే మనకు గావాలె బామ్మర్దీ. దండిగ పెట్టేటోడు మన కుడిపక్కనుండాలె. ఆడు ముందుగాల పెడ్తడు, మనం జూసి పెడ్తం."

సిద్ధాంతంలో తప్పేం లేదు. పోకర్‌తో బతికేవాళ్ళు చెప్పేదీ ఇదే. కాకపోతే ఇదే చదువు చదివిన ఇంకో అయిదుగురు బావలు అదే టేబుల్ కోసం వెయిటింగ్ లిస్టులో ఉంటారు.

మా బావ మాత్రం టేబుల్ కంటే ముందు ఒడ్డు ఎంచుకోవాల్సొచ్చింది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు వాడపల్లి. వంతెనకు ఇవతల మనం, అవతల ఆంధ్ర వైపు పొందుగుల. 2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ డబ్బాట బంద్ పెట్టింది. ఆంధ్రలో ఆ పని 2020 సెప్టెంబరు దాకా కాలేదు. ఫోన్ ఏ రాష్ట్రంలో ఉందో యాప్‌కు తెలుస్తుంది. ఇవతల నరసింహస్వామి గుడి దగ్గర తెరిస్తే మీ రాష్ట్రంలో అనుమతి లేదనేది, వంతెన దాటితే స్వాగతం పలికేది. అంచేత ఆదివారం సాయంత్రాలు సిమెంటు లారీల వెనక బండి మీద పోయి, అవతలి టీకొట్టు బల్ల మీద తేలేవాడు. ఇంట్లో చెప్పేది నరసింహస్వామి దర్శనమని.

"గుడి ఈ ఒడ్డునుండంగ ఆ ఒడ్డుకెందుకు వోయినవయ్యా?" అని అక్క అడిగింది. టేబుల్ ఎంపిక మీద అంత మంచి ప్రశ్న ఏ ఆటగాడూ వేయలేదు.

దర్శనం పూర్తిగా అబద్ధం అనలేం. గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. పాదాల దగ్గరిది కదలదు, ముఖం దగ్గరిది స్వామి ఊపిరి తగిలి ఊగుతుందని భక్తుల నమ్మకం. బావ దానికీ పోకర్ తాత్పర్యం చెప్పాడు: "ఊపిరి జూసి మనిషిని పట్టొచ్చు. ఫోన్ల ఆడేటోని ఊపిరి యాడ గానొస్తది? అందుకే అంకెలు సూడాలె." ఫోన్లో ఊపిరి అసలే లేనివాళ్ళూ ఆడతారు, వాటిని బాట్లంటారు. ఆ సంగతి బావ సిలబస్‌లో లేదు.

ఇక ఇది జూదం కాదా అని గట్టిగా అడిగితే సుప్రీంకోర్టును సాక్ష్యానికి పిలిచేవాడు. నేర్పుతో ఆడే ఆట అని కోర్టు అన్నమాట నిజమే. అన్నది 1967లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ గురించి. మూడు ముక్కలాట ఉత్త అదృష్టమని కూడా అదే తీర్పులో ఉంది. ఆ వాక్యం దగ్గర మాత్రం బావ కళ్ళజోడు పనిచేయదు.

నన్నడిగితే లాభం ఉన్న కుర్చీ ఏ టేబుల్‌కీ వేయలేదు. ఎవరు గెలిచినా పోగైన డబ్బులోంచి కమీషన్ కోసుకునే యాప్ యజమాని ఎక్కడా కూర్చునేవాడు కాదు. మిల్లులో కమీషన్ ఏజెంటు అర్ధరూపాయి ఎక్కువ రాస్తే యుద్ధం చేసే బావ, ఈ కమీషన్ మాటెత్తితే "గది కర్సుల కింద రాసుకోవాలె" అన్నాడు.

2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పు, అదృష్టం అనే తేడా తీసేసి ఆన్‌లైన్ డబ్బాటలన్నీ నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాడికి ఆ చట్టంలో శిక్ష లేదని బావ హుషారుగా ఫోన్ చేశాడు. వంతెన అవతల ఆంధ్ర వాళ్ళు 2020లో తెచ్చిన నిబంధనలో ఉంది, దొరికితే ఆర్నెల్ల దాకా జైలు.