పదహారు కిలోల గుండు ఆత్మకథ

‘నేను, నేను’ అనుకోవడం ఈ గుండుకు చేతకాదు. జిమ్‌లో అద్దాల ముందు ఆ పని చేసేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. అందుకే తన కథ తానే చెప్పుకుంటున్నా ‘ఈ గుండు’ అనే చెప్పుకుంటుంది. పెట్టె మీద రాసిన పేరు కెటిల్‌బెల్. విశాఖపట్నంలో ఇది కాపురముంటున్న జిమ్‌లో మాత్రం మాస్టారి దగ్గర్నుంచి ఊడ్చే అమ్మాయి దాకా అందరికీ గుండే.

జలంధర్ వైపు ఒక ఫౌండ్రీలో, ఇసుక అచ్చులో కరిగిన ఇనుము పోస్తే పుట్టింది. ఒంటికి నల్లపూత, పొట్ట మీద ఉబ్బెత్తుగా ‘16’. పుట్టుక పంజాబ్‌దైనా వంశం రష్యాది. అక్కడ దీని తాతముత్తాతలు సంతల్లో ధాన్యం తూచే గుండ్లు. వాటి తూకం ‘పూద్’, అంటే దాదాపు 16.38 కిలోలు. పొట్ట మీద అంకె అక్కణ్ణుంచే వచ్చింది. తూకం అయ్యాక ఖాళీగా నిలబడలేని కుర్రాళ్ళు వాటిని గాల్లోకి లేపడం మొదలుపెట్టారు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వ్లాదిస్లావ్ క్రాయెవ్‌స్కీ అనే వైద్యుడు వ్యాయామ బృందం పెట్టడంతో ఆ సరదాకి శిక్షణ అన్న మర్యాద దక్కింది.

చుట్టాల్ని వెతుక్కుంటూ రష్యా దాకా పోనక్కర్లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంక్రాంతికి ఎత్తే సంగిడి రాళ్ళు దీనికి వరసకి పెదనాన్నలు. మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం, కరణం మల్లీశ్వరి పెరిగిన ఊసవానిపేట ఈ వైపు ఊళ్ళే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ లెక్కన ఈ గుండు పదిహేనోవంతు. అయినా ఒక కొత్త మనిషికి ఇది చాలు.

ఆ కొత్త మనిషి ఒక బ్యాంకు ఉద్యోగిని. నలభై దగ్గర పడుతున్న వయసు. గాజులు తీసి బ్యాగులో వేసుకునేది గానీ, వేలి ఉంగరం మర్చిపోయేది. పిడికి, ఉంగరానికి మధ్య చర్మం నలిగి, రెండో రోజుకే బొబ్బ తేలింది. మొదట్లో ఆమె వరస ఇదీ: రాగానే ట్రెడ్‌మిల్ ఎక్కి ఊపిరి అందనంత సేపు పరుగు, ఆ తర్వాత మోకాళ్ళు తడబడుతూ గుండు దగ్గరికి. బరువెత్తేవాళ్ళ అలసట అందరికన్నా ముందు తెలిసేది ఈ గుండుకే. చెమట వల్ల పట్టు సడలుతుంది, భుజాలు చెవుల దగ్గరికి చేరతాయి, తుంటి దగ్గర వంగాల్సిన మనిషి నడుము గూనిచేసి వంగుతుంది.

“మేడం, వరస తిప్పేయండి. ముందు గుండు, తర్వాత సైకిలు,” అన్నారు మాస్టారు.

“చెమట పట్టాక ఎత్తితే ఒళ్ళు ఇంకా కరుగుతుందంట కదండీ మాస్టారూ?”

“చెమట ఎప్పుడు పట్టినా ఒకటేనండి. నడుం పట్టేసిందంటే మాత్రం నెల్లాళ్ళు కూర్చోవాలి.”

ఆమెకి ఒక భయం కూడా ఉంది, బరువులూ పరుగూ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయని. ఆ పుకారుకి మూలం నిజంగానే ఉంది. అమెరికాలో రాబర్ట్ హిక్సన్ 1980లో ప్రచురించిన ప్రయోగంలో ఒక జట్టు వారానికి 5 రోజులు బరువులెత్తింది. రెండోది వారానికి 6 రోజులు సైకిలు మీద ఇంటర్వెల్స్ (ఆగి ఆగి గట్టిగా తొక్కడం), పరుగు చేసింది. మూడోది రెండూ చేసింది. పది వారాల్లో మూడో జట్టు కాళ్ళ బలం మొదట బాగానే పెరిగి, ఏడెనిమిది వారాలకి ఆగి, చివర్లో కాస్త తగ్గింది కూడా. దమ్ము మాత్రం రెండో జట్టుకి దీటుగా పెరిగింది.

ఇక్కడ ఈ గుండుకు ఒక మాట చెప్పాలనుంది. మూడో జట్టు వారానికి పదకొండు సాధనలు చేసింది. వాళ్ళ గతి చూసి, వారానికి మూడు సాయంత్రాలు వచ్చే బ్యాంకు ఉద్యోగిని బెంగపెట్టుకోవడం దండగ. పైగా 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, రెండూ కలపడం వల్ల కండ పెరుగుదలకి గానీ గరిష్ఠ బలానికి గానీ చెప్పుకోదగ్గ నష్టం లేదు. చటుక్కున గెంతడానికి కావలసిన బలానికి మాత్రం కొంత కోత పడుతుంది, ముఖ్యంగా రెండూ ఒకే పూట చేస్తే. గెంతుళ్ళ పోటీలకి వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని జిమ్‌లో చేరినవాళ్ళకి ఆ బాధ లేదు.

ఇంటర్వెల్స్ కథ వేరు. 1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్‌లర్ అనే కోచ్, పరుగుని ముక్కలు చేసి, మధ్యలో గుండె వేగం దిగేదాకా ఆగమనేవాడు. అతని శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఇప్పుడు ప్రతి జిమ్ గోడ మీదా కనిపించే పేరు తబాటా. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా 1996లో ప్రచురించిన అధ్యయనంలో 20 సెకన్ల తొక్కుడు, 10 సెకన్ల విరామం, అలా ఏడెనిమిది సార్లు. చేసింది వ్యాయామం అలవాటున్న కుర్రాళ్ళు, అదీ సైకిలు మీద. వాళ్ళ శరీరం ఆక్సిజన్ వాడుకోగల గరిష్ఠ స్థాయికి సరిపడే శ్రమ కన్నా దాదాపు 70 శాతం ఎక్కువ శ్రమ అది. చేతిలో ఇనుము పట్టుకుని, పాట పెట్టుకుని, నాలుగు నిమిషాలు ఎగిరి ‘తబాటా చేశాం’ అంటే ఈ గుండు నవ్వాపుకోలేదు.

గుండు ఊపడం కూడా గుండెకి పని చెప్పేదే. 2010లో అచ్చం ఈ బరువు గుండుతోనే పరీక్షించి చూశారు. 12 నిమిషాల స్వింగ్స్‌లో కుర్రాళ్ళ గుండె వేగం గరిష్ఠంలో సగటున 87 శాతానికి చేరింది, ఆక్సిజన్ వాడకం మాత్రం 65 శాతం దగ్గరే ఉంది. ఒకే వస్తువుతో రెండు పనులూ అయిపోతాయని సంబరపడేవాళ్ళు చూడాల్సింది ఇంకోటి ఉంది: అలసిన చేతిలో వేగంగా ఊగే పదహారు కిలోలు. వంగడం సరిగ్గా రాని మనిషికి ఆ తొందర మంచిది కాదు.

అందుకే మాస్టారు ఆమెకి ఇంకా స్వింగ్ నేర్పడం లేదు. ఇప్పుడు ఆమె వరస ఇదీ: ముందు ఐదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడం. తర్వాత గుండుని పాదాల మధ్య పెట్టి, పిరుదులు వెనక్కి నెడుతూ వంగి, నేలని తొక్కుతూ లేవడం, ఎనిమిది సార్లు చొప్పున మూడు విడతలు, విడతకీ విడతకీ మధ్య ఒకటిన్నర నిమిషం విరామం. గుండుని గుండెలకానించి స్క్వాట్స్. గోడకి చేతులానించి పుషప్స్. చివర్లో సైకిలు: 30 సెకన్లు గట్టిగా, 90 సెకన్లు నింపాదిగా, ఆరు సార్లు. గట్టిగా తొక్కేటప్పుడు రెండు మాటలకి మించి పలకలేకపోతే సరిపోయినట్టే. పరుగు బదులు సైకిలు ఎందుకంటే, పాదం నేలని గుద్దుకునే దెబ్బలు ఉండవు, మర్నాడు కాళ్ళు గుండు దగ్గరికి రానంటూ మొరాయించవు. ఇదంతా సోమ, బుధ, శుక్రవారాల్లో. మిగతా రోజుల్లో బీచ్ రోడ్డు మీద నడక. బీపీ మాత్రలు వేసుకుంటోంది కాబట్టి, డాక్టరు సరేనన్నాకే సైకిలెక్కనిచ్చారు.

మొదటి వారాల్లో ఎత్తడం తేలికైపోతే కండ పెరిగిపోయిందని మురిసిపోవడం మామూలే. ఆ దశలో నేర్చుకుంటున్నది ఎక్కువగా నరాలే. ఉన్న కండని ఒక్కమాటుగా పనికి పిలవడం వాటికి అలవాటవుతోంది. కండ తర్వాత వస్తుంది, నిదానంగా.

ర్యాక్‌లో ఈ గుండు పక్కన కూర్చున్నది ‘20’. చూడ్డానికి నాలుగు కిలోలే తేడా, లెక్కకి 25 శాతం. అందుకే మాస్టారు బరువు మార్చకుండా ముందు ఎనిమిదిని పదీ, పన్నెండూ చేయిస్తున్నారు. నిన్న ఆమె ఉంగరం తీసేసి వచ్చింది. పన్నెండు పూర్తి చేసి, గుండుని చప్పుడు కాకుండా దించి, పక్కదాన్ని చూపించింది.

“శుక్రవారం ఇది ఎత్తనా మాస్టారూ?”

“మొదటి విడత మాత్రమేనండి. తర్వాత రెండూ మళ్ళీ ఈ పదహారుతోనే.”