తుపాకి మందుపై నమ్మకూడని ఏడు సలహాలు

చెనక్కాయ ఊడలు దిగే వేళకు, మరవల్లి గడ్డ ఊరే వేళకు అడవిపంది చేలో పడుతుంది. ఒక్క రాత్రిలో మడంతా తవ్విపోతుంది. సోగత్తూరు మొదలుకొని పాలకోడు, పెన్నాగరం దాకా తమిళనాడు ధర్మపురి జిల్లాలో సాగు చేసేవాళ్లకు ఈ బాధ ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పు తెచ్చి విత్తిన పంట అలా పోతే ఎవరికైనా కోపం వస్తుంది. ఆ కోపంలో ఉన్నప్పుడే పక్కన చేరి "ఈ మందు పొయ్యి, ఇంత పొయ్యి" అని చెప్పేవాళ్లుంటారు. చిన్న తుపాకి గురించి, అందులో నింపే మందు గురించి మన ఊళ్లలో చెలామణి అయ్యే ఆ సలహాలు ఇవీ. ఒక్కటీ నమ్మకండి.

1. "టపాకాయల మందు తీసి పోస్తే సరిపోతుంది"

అన్నిటికంటే ప్రమాదమైన సలహా ఇదే. చింతమొద్దు నిదానంగా మండుతుంది, కొబ్బరిపీచు గుప్పున అంటుకుంటుంది. మందుల్లోనూ అంత తేడా ఉంది. తుపాకి మందు గుండును తోస్తూ, అది గొట్టంలో కదిలేకొద్దీ క్రమంగా మండాలి. అందుకే కర్మాగారంలో ఆ పలుకుల పరిమాణాన్ని, ఆకారాన్ని, పైపూతను లెక్కగట్టి తయారుచేస్తారు. పెద్ద చప్పుడు కోసం చేసిన టపాకాయ మందులో ఆ లెక్క ఉండదు. గుండు కదిలేలోపే ఒత్తిడి మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. వెనుకవైపు పగిలితే అక్కడ ఉండేది కాల్చేవాడి చెంప, కన్ను, వేళ్లు.

2. "మందంతా ఒకటే, కొలత కూడా ఒకటే"

కాదు. నల్లమందు వేరు, పొగరాని మందు వేరు. ఈ రెండోదాన్ని 1884లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియ్యే కనిపెట్టాడు. అదే బరువు నల్లమందుతో పోలిస్తే దీనికి దాదాపు మూడు రెట్ల శక్తి ఉంటుంది. గొట్టం నోటినుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకులు నల్లమందు ఒత్తిడికే తయారయ్యాయి. అదే గరిటెతో, అదే కొలతతో పొగరాని మందు పోస్తే ఆ ఇనుము ఆగదు. పొగరాని మందుల్లోనూ పదుల రకాలున్నాయి. వేగంగా మండేవి పిస్తోళ్లకు, తూటా గుల్ల పెద్దదయ్యేకొద్దీ నిదానంగా మండేవి రైఫిళ్లకు వాడతారు. చూడటానికి అన్నీ బూడిదరంగు పలుకులే. రంగు చూసో వాసన చూసో ఏ మందో తెలుసుకునే దారి లేదు. పేరులేని డబ్బాలో మందు దొరికితే దాన్ని ముట్టుకోకుండా పోలీసులకు చెప్పడమే పని.

3. "చిన్న తుపాకే కదా, కాస్త ఎక్కువైనా ఏమీ కాదు"

నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. చేలను పాడుచేసే చిన్న జంతువుల కోసం అమెరికాలో 1930 ప్రాంతంలో వచ్చిన పాయింట్ 22 హార్నెట్ తూటాలో పట్టేదే పది, పన్నెండు గ్రెయిన్ల మందు. అందులో ఒక్క గ్రెయిన్ ఎక్కువైతే దాదాపు పదోవంతు పెరిగినట్టు. పెద్ద తూటా ఆ తప్పును తట్టుకోవచ్చు, చిన్న తూటాకు ఆ వెసులుబాటు లేదు. సొంతంగా తూటాలు నింపుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో కూడా మందు కంపెనీ ఒత్తిడి పరీక్షలు చేసి అచ్చువేసిన పట్టికను దాటి ఎవరూ పోకూడదు. ఆ పట్టికలోనూ గరిష్ఠ కొలతకు బాగా తక్కువ నుంచే మొదలుపెడతారు. చేతి అందాజు అక్కడ చెల్లదు.

4. "కాల్చిన పాయింట్ 22 గుల్లలు దాచుకో, మళ్లీ నింపుకోవచ్చు"

మామూలు పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాలో (హార్నెట్ వేరు) నిప్పంటించే మసాలా అడుగు అంచు చుట్టూ, లోపల ఉంటుంది. కాల్చినప్పుడు సూది ఆ అంచునే నొక్కి సొట్ట చేస్తుంది. సొట్టపడ్డ గుల్ల రెండోసారికి పనికిరాదు. ఆ మసాలా చిన్న దెబ్బకే పేలే రకం. దాన్ని ఇంట్లో గీకడం, తడపడం చేతులు పోగొట్టుకునే పని.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. తుపాకి ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు తూటాలు తయారుచేయడానికి ఇచ్చిన లైసెన్సు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించాక, లైసెన్సు లేకుండా ఆయుధాలు, తూటాలు తయారుచేస్తే కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. తూటాల పని ఎక్కడ జరగాలో అక్కడ జరుగుతూనే ఉంది. పుణె దగ్గర ఖడ్కీ కర్మాగారం 1869 నుంచి ఉంది. మన రాష్ట్రంలోనే, నీలగిరుల్లో కూనూరు పక్కన అరువంకాడు కార్డైట్ కర్మాగారం నూరేళ్లు దాటి నడుస్తోంది. మందు ఎంపిక అక్కడి రసాయన శాస్త్రజ్ఞులు పరికరాలతో తేల్చే విషయం. పశువుల కొట్టంలో దీపం పెట్టుకుని తేల్చేది కాదు.

5. "తుపాకి లేకపోతే పండులో మందు పెట్టు"

తమిళంలో అవుట్టుక్కాయ్ అనే ఈ నాటుబాంబు పంది నోట్లో పేలాలని పెడతారు. కానీ కొరికేది పందే అని ఎవరు హామీ ఇస్తారు? 2020 మే నెలలో కేరళ పాలక్కాడు జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు ఇలాంటిదే కొరికి, నోరు చితికి, ఏటినీళ్లలో నిలబడి ప్రాణం విడిచింది. మేతకు పోయిన మన ఆవు కొరుకుతుంది, ఇంటి కుక్క కొరుకుతుంది. దారిలో దొరికిందని బిడ్డ చేతిలోకి తీసుకుంటుంది.

6. "మందు గొడవెందుకు, కరెంటు తీగ లాగు"

2023 మార్చిలో మన జిల్లాలోనే, మారండహళ్లి దగ్గర పొలానికి లాగిన దొంగ కరెంటు తీగ తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయాయి. రెండు గున్నలు తల్లుల్లేకుండా మిగిలాయి. రైతు అరెస్టయ్యాడు. చీకట్లో నీళ్లు కట్టడానికి వచ్చే పక్క పొలం మామకు, అన్నకు కూడా ఆ తీగ అంతే ప్రమాదం.

7. "పందిని కొట్టడానికి ఎవరినీ అడగనక్కర్లేదు"

అడగాలి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపితే నేరం. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ఒక పద్ధతి ప్రకటించింది. అడవి అంచు నుంచి 1 కిలోమీటరు లోపల కాల్చకూడదు. 1 నుంచి 3 కిలోమీటర్ల మధ్య పట్టి అడవిలో వదలాలి. 3 కిలోమీటర్లు దాటి వచ్చిన పందుల్ని అటవీశాఖ సిబ్బంది కాల్చవచ్చు. కాల్చే పని సిబ్బందిది, రైతుది కాదు.

మరి చేయాల్సిందేమిటి?

పంట పాడైన రోజే ఫొటోలు తీయండి. గ్రామ పాలనాధికారికి, అటవీ రేంజి కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. నష్టపరిహారానికి అదే ఆధారం. పదిమంది రైతులు కలిసి అర్జీ పెడితే పంది మందలు తిరిగే చోటు అధికారులకు స్పష్టంగా తెలుస్తుంది. కంచె కావాలంటే ఆగి ఆగి చిన్న షాక్ కొట్టే సోలార్ కంచె వేయండి. 2023 నాటి తమిళనాడు నిబంధనల ప్రకారం అడవికి దగ్గరి పొలాల్లో దాన్ని నమోదు చేయించాలి. హైదరాబాదు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చెనక్కాయ చుట్టూ ముళ్ల కుసుమ వరసలు, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరసలు వేయమని చెబుతున్నారు. ఇంతా చేసినా కొంత పంట పోవచ్చు. పోయిన పంటను మళ్లీ వేసుకోవచ్చు.

ఇంట్లో తాతల నాటి లైసెన్సు లేని తుపాకి అటక మీద ఉంటే ఊరిపెద్దల్ని వెంటబెట్టుకుని పోయి పోలీసులకు అప్పగించండి. ఎవరికైనా మందు పేలి కంటికి, చేతికి తగిలితే రుద్దకండి, పసుపు పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. కేసు భయంతో దాచిపెడితే చూపు పోతుంది.

"ఏ మందు మంచిది?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, ఏ మందూ వద్దని చెప్పి, ఆ మనిషిని రేంజి కార్యాలయం దాకా మీరే తీసుకుపోండి.