కవలలు కాని కవలలు: ఒక పాత కెమెరా ఆత్మకథ

ఆత్మకథ అన్నాక ‘నేను’ అనకుండా బండి నడవదంటారు. తీసిన ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ తాను కనిపించని కెమెరాకి ఆ మాట నోట పలకదు. అందుకే ఈ పాత ఫిల్మ్ కెమెరా తన కథని పక్కింటివాళ్ల కథలాగే చెప్పుకుంటుంది.

విశాఖలో సెకండ్‌హ్యాండ్‌లో యజమాని చేతికొచ్చింది. మొదటి రీలు సగం డాల్ఫిన్స్ నోస్‌కే అయిపోయింది. ఆర్కే బీచ్‌లో నిలబడితే సముద్రంలోకి మూతి చాచినట్టుండే ఆ కొండ, దానిమీద లైట్‌హౌస్. తర్వాత ఆయనకి అమెరికాలో ఉద్యోగం వచ్చింది. ఆవకాయ సీసాకీ కందిపొడి పొట్లానికీ మధ్య, తువ్వాలులో చుట్టుకుని కెమెరా న్యూజెర్సీలోని ఐసెలిన్ చేరింది. ఓక్‌ట్రీ రోడ్డులో చీరల కొట్లున్నాయి, మిఠాయి కొట్లున్నాయి, పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టే కార్లున్నాయి. కొండా సముద్రమే లేవు.

అవి కారులో గంటలోపు దూరమేనని తెలియడానికి రెండేళ్లు పట్టింది. గార్డెన్ స్టేట్ పార్క్‌వే 117వ ఎగ్జిట్‌లో దిగి 36వ నంబరు రోడ్డు పట్టుకుంటే హైలాండ్స్ ఊరు. అక్కడ సముద్రమట్టానికి సుమారు 200 అడుగుల ఎత్తున, కొండ అంచున, నెవసింక్ ట్విన్ లైట్స్. కోటలాంటి రాతికట్టడం, రెండు చివర్లా రెండు బురుజులు. తొలి జంటని 1828లో కట్టారు. ఇప్పుడున్నది 1862 నాటిది. దీపాలు రెండెందుకంటే, ఉత్తరాన శాండీహుక్‌లో 1764 నుంచీ మరో లైట్‌హౌస్ ఉంది. న్యూయార్క్ రేవుకొచ్చే ఓడవాళ్లు రాత్రిపూట ఇదీ అదీ ఒకటే అనుకోకూడదు.

మొదటిసారి వెళ్లింది మిట్టమధ్యాహ్నం. కెమెరాలోని మీటరు తెల్లటి ఆకాశాన్ని చూసి మోసపోయింది. ప్రింట్లు కడిగించి చూస్తే మబ్బులు బ్రహ్మాండంగా ఉన్నాయి, కట్టడం మాత్రం మాడిన అట్టులా ఉంది. ముదురు గోధుమరంగు రాయి కదా, ఎపర్చరు ఒక స్టాప్ ఎక్కువ తెరవాల్సింది.

రెండోసారి నవంబరులో, పొద్దున్నే. కట్టడం ముఖం తూర్పుకి, సముద్రంవైపు. 50 ఎంఎం లెన్సులో రెండు బురుజులూ పట్టక యజమాని ఒక్కో అడుగే వెనక్కి జరుగుతున్నాడు.

“ఏవండీ, వెనక పల్లం! చూసుకోండి!” అని ఆయన భార్య అరిచింది.

ఆగాడు. ఆగినచోట ఏటవాలు ఎండ రాయిమీద పడుతోంది. ఎడమ బురుజు మీద వెలుగు ఒకే రేకులా పరుచుకుంది. కుడి బురుజు మీద ముక్కలైంది: ఒక పలక మెరుస్తోంది, దాని పక్కది సగం నీడ, ఆ పక్కది చీకటి. పేరుకే కవలలు. ఎడమనున్న దక్షిణ బురుజుకి నాలుగు పలకలు, కుడినున్న ఉత్తరపుదానికి ఎనిమిది. మిట్టమధ్యాహ్నపు ఫొటోలో ఆ తేడా జాడే లేదు.

కెమెరాకి అసలు చుట్టరికం కలిసింది వెనకున్న పవర్‌హౌస్‌లోకెళ్లాక. అక్కడ తొమ్మిదడుగుల గాజు కటకం ఒకటి నిలబెట్టి ఉంది. ఫ్రెంచివాడు ఫ్రెనెల్ కనిపెట్టిన పద్ధతి అది. దళసరి గాజుదిమ్మ చేసే పనిని ఒకదాని చుట్టూ ఒకటిగా పేర్చిన గాజు వలయాలు చేసేస్తాయి. అమెరికాలో ఫ్రెనెల్ కటకాలు తొలిసారి వెలిగింది ఇక్కడే, 1841లో. ఈ తొమ్మిదడుగులది మాత్రం 1898లో విద్యుద్దీపంతోపాటు దక్షిణ బురుజెక్కింది. దాని వెలుగు ధాటికి ఉత్తర బురుజుకి పనిలేకుండా పోయింది. మరుసటేడు మార్కోనీ వైర్‌లెస్‌లో పంపిన పడవపందేల వార్తలు అందిందీ ఈ కొండమీదే. ఇక ఈ కెమెరా వ్యూఫైండర్‌లో, ఫోకసింగ్ తెర మీద గోరంత మందాన అవే వలయాలు. అవి లేకపోతే బొమ్మ అంచులు మసకబారిపోతాయి. తాతనీ మనవణ్ణీ ఒకే గదిలో చూసినవాళ్లెవరూ ఆ పోలిక పట్టలేదు.

1949లో తాత దీపం ఆరిపోయింది. ఫోన్లొచ్చాక మనవడు అలమరా ఎక్కాడు.

నవంబరు ఫొటో మాత్రం ఐసెలిన్ ఇంటి హాల్లో గోడకుంది. వచ్చినవాళ్లు “ఇది గోల్కొండా?” అంటారు. మొన్న ఆ ఇంటి పాప కుర్చీ ఎక్కి కుడి బురుజు పలకలు లెక్కపెట్టింది. మూడే తేలాయి.

“మిగతా అయిదూ ఏవి నాన్నా?”

“వెనకున్నాయమ్మా.”

పాప ఫ్రేము గోడమీంచి కొంచెం పైకెత్తి, వెనక్కి తొంగిచూసింది.