నలుగురు మోసే కుర్చీ

స్విట్జర్లాండ్‌లోని వాలే సీమలో, లాయికర్‌బాడ్ వేడినీటి బుగ్గలకు వెళ్ళే దారిలో ఉందా ఊరు. ఊరి చరిత్రనంతా ఒక పాత కొయ్య ఇంట్లో భద్రం చేశారు. కింద రాతి కట్టడం, పైన ఎండకు మాడి నల్లబడ్డ లార్చ్ దుంగల గోడలు. గుమ్మాలు ఎంత పొట్టివంటే తల వంచితే గానీ లోపలికి పోలేం. మెట్లు ఇరుకు, పైగా నిటారు. ఆ ఆదివారం పై అంతస్తులో కొత్త గది ఒకటి తెరుస్తున్నారు. ఆ గదికి ప్రాణం ఒక కుర్చీ.

ఆ కుర్చీ గురించి కాస్త చెప్పాలి. లాయికర్‌బాడ్ వెనక కొండ గోడలా నిలబడి ఉంటుంది. దాని మీద జెమ్మి కనుమ. టిరోల్ నుంచి వచ్చిన పనివాళ్ళు 1739, 1741 మధ్య ఆ బండను తొలిచి, మెలికలు మెలికలుగా దారి వేశారు. అవతల బెర్న్ సీమ, ఇవతల వేడినీళ్ళు. కీళ్ళు పట్టేసినవాళ్ళు, చర్మరోగాలతో బాధపడేవాళ్ళు ఆ నీళ్ళలో గంటలకొద్దీ కూర్చోవడానికి వచ్చేవాళ్ళు. అంటే సరిగ్గా నడవలేనివాళ్ళకే ఆ దారి అవసరం. కంచరగాడిద మీద దిగడం ప్రాణాంతకం. 1861లో ఒక ఫ్రెంచి దొరసాని జీను మీంచి జారి లోయలో పడి చనిపోయింది. అందుకని నడవలేనివాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి మోసేవాళ్ళు. రెండు పొడుగు కర్రలకు బిగించిన చెక్క కుర్చీ. మోసేవాళ్ళ భుజాలకు తోలు పట్టీలు.

ఆ మోతకు రాసిపెట్టిన నిబంధనలు ఉండేవి. 19వ శతాబ్దంలో ఇంగ్లిషు యాత్రికుల కోసం వేసిన పుస్తకాల్లో వాటిని అచ్చు వేశారు కూడా. పదేళ్ళు దాటిన మనిషికి నలుగురు మోతగాళ్ళు. మనిషి మామూలు కంటే బరువైతే ఆరుగురు. మరీ భారీ మనిషైతే, అక్కడి అధికారి చూసి సరేనంటే ఇంకో ఇద్దరు. అంతకు మించి వద్దు. నేను ఈ నిబంధనను ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ఊళ్ళవాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. బరువు పెరిగితే భుజాలు పెంచారు. నీవల్ల కాదు, వెనక్కి పో అని మాత్రం అందులో ఎక్కడా లేదు.

మ్యూజియంలో పెట్టిన కుర్చీ ఊళ్ళో బడిపంతులమ్మగా చేసి విరమించిన ఒక పెద్దావిడది. ఆవిడ ముత్తాత జెమ్మి దారిలో మోతగాడు. కుర్చీ తరాలుగా వాళ్ళింటి అటక మీద, గడ్డిలో పడి ఉండేది. మ్యూజియం వాళ్ళు అడిగీ అడగకముందే ఇచ్చేసింది. తుంటి ఎముక విరిగాక ఆవిడ చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. ఆరోజు మంచి కోటు వేసుకుని, జుట్టు దువ్వించుకుని వచ్చింది. వీధిలోంచి టికెట్ల గది దాకా రాగలిగింది. అక్కడి నుంచి మెట్లే.

నలుగురు కుర్రాళ్ళు ముందుకొచ్చారు. "మేం ఎత్తుకుని తీసుకెళ్తాం టీచర్!" అన్నారు.

"నలుగురు చాలు. ఆరుగురు కావలసినంత బరువు లేనులే," అని నవ్విందావిడ.

మ్యూజియం నడిపే ఆయన గబగబా వచ్చి అడ్డుపడ్డాడు. ఆయనా ఆవిడ దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాడే. జీతం లేకుండా, సొంత పనులు మానుకుని ఈ గదిని సిద్ధం చేశాడు. "వద్దు టీచర్, దయచేసి వద్దు. మెట్లు మీకు తెలుసుగా. ఎవరి కాలైనా జారితే బీమావాళ్ళు ఒప్పుకోరు. నా బాధ్యత అవుతుంది."

"మరి నేను చూసేదెలా నాయనా?"

అందుకు ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వికలాంగుల సమానత్వ చట్టం 2004 నుంచి అమల్లో ఉందన్నాడు. ఇల్లు బాగుచేయించేటప్పుడు దాన్ని చదివామన్నాడు. అందరూ వచ్చిపోయేలా మార్చడానికయ్యే ఖర్చు భవనం బీమా విలువలో 5 శాతం దాటినా, బాగుచేయడానికయ్యే ఖర్చులో 20 శాతం దాటినా చట్టం బలవంతపెట్టదు. ఇక్కడ మనుషుల లిఫ్టుకు అంతకంటే ఎక్కువే అవుతుందని లెక్క తేలింది. పైగా ఇది పాత కట్టడం, ముందు గోడను ముట్టుకోవడానికి వీల్లేదు. అన్నీ నిజాలే. ఒక్కటీ కల్పించి చెప్పలేదు. అయినా అన్ని నిజాలూ విన్నాక కూడా ఆవిడ కూర్చున్న చోటే ఉంది.

ఒక అమ్మాయి పైకెళ్ళి, కుర్చీని వీడియో తీసుకొచ్చి, ట్యాబ్‌లో చూపించింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఎడం చెయ్యి ఆనించే చోట పగులుండాలి. మా నాన్న ఇనుప తీగ చుట్టాడు. కనబడుతోందా?"

అమ్మాయి బొమ్మను పెద్దది చేసింది. ఎడమ వైపు నీడలో ఉంది.

"చేత్తో తడిమితే తెలిసిపోతుంది," అంది ఆవిడ. అని ట్యాబ్ తిరిగిచ్చేసింది.

పైన ఉపన్యాసాలు మొదలయ్యాయి. నెత్తి మీద చెక్కల్లోంచి బూట్ల చప్పుడు, చప్పట్లు. ఆవిడ ముత్తాత పేరు చదివినట్టున్నారు, చప్పట్లు ఎక్కువసేపు వినిపించాయి. కిందున్న ఆయన ఇబ్బందిగా కాళ్ళు మార్చుకుంటున్నాడు. పైకి వెళ్ళాలి, ఆవిడను వదిలి వెళ్ళలేకపోతున్నాడు.

"ఒక సంగతి చెప్పు," అంది ఆవిడ. "ఆ కుర్చీని పైకి ఎలా చేర్చారు? ఈ మెట్ల మలుపులో దాని కర్రలు తిరగవే."

ఆయన మొహం వెలిగింది. ఇంతసేపటికి సంతోషంగా జవాబు చెప్పగల ప్రశ్న దొరికింది. "మెట్ల మీద కాదు టీచర్! వెనక వైపు సరుకుల లిఫ్టు వేయించాం. కింది గదిలో దాచిన వస్తువులను పైకి చేర్చడానికి. 300 కిలోల దాకా మోస్తుంది. కర్రలు విప్పి, దుప్పట్లు చుట్టి, పసిపిల్లను ఎత్తుకెళ్ళినట్టు తీసుకెళ్ళాం. ఒక్క గీత పడలేదు!"

"నేను 52 కిలోలు."

ఆయన తల దించుకున్నాడు. "అది వస్తువులకే టీచర్. మనుషులు ఎక్కకూడదు. తలుపు మీద బోర్డు కూడా ఉంది."

ఆవిడ కాసేపు చక్రం అంచును వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది. తర్వాత చేసంచీలోంచి కలం తీసింది.

"ఒక కాగితం ఇవ్వు నాయనా. ఈ కుర్చీ కూడా మ్యూజియానికే రాసిచ్చేస్తాను. నేను పోయిన మర్నాడే వచ్చి తీసుకెళ్ళు. మా ముత్తాత కుర్చీ పక్కన పెట్టు. అప్పటికి ఇందులో మనిషి ఉండదు కాబట్టి, మీ లిఫ్టు కాదనదు."