పది సెంట్లు, ఇరవై సెంట్లు: టీకా తాత్పర్య సహితం

మూలం: 0.1 + 0.2 = 0.30000000000000004

ప్రతిపదార్థం: (ఎకరాలు అని అధ్యాహారం) 0.1 = పది సెంట్లకు; 0.2 = ఇరవై సెంట్లను; + = చేర్చగా; 0.3 = ముప్పై సెంట్లును; సున్నల వరుస = కొంత మౌనమును; 4 = వివాదాస్పదమైన తోకయు; = వచ్చును.

తాత్పర్యం: ఇది పైథాన్ అనే కంప్యూటర్ భాష వాక్కు. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల లెక్క ఎకరాలు, సెంట్లలో నడుస్తుంది. నూరు సెంట్లు ఎకరం. ఆ తోక చూపే అదనపు నేల మీద ఇసుక రేణువు కూడా ఆనదు. అయినా అదెందుకు వచ్చింది? 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలోని సార్థక అంకెలన్నీ 53 బిట్లలో ఒదగాలి. దశాంశంలో మూడోవంతుకు అంతం లేనట్టే, ద్విసంఖ్యామానంలో పదోవంతుకు అంతం లేదు. అందుచేత 0.1, 0.2 రవ్వంత పెరిగి నిల్వ అవుతాయి, 0.3 రవ్వంత తరిగి. కూడిక ఫలితం 0.3 మీద కాక దాని పొరుగు సంఖ్య మీద వాలుతుంది.

తోక కోసి 0.3 అని రాస్తే పోదా? పోదు. ఆ అక్షరాలను మళ్లీ చదివిన యంత్రం వేరే సంఖ్యను పట్టుకుంటుంది. పోనీ, అన్నిటికీ 17 అంకెలు రాస్తేనో? పాత పైథాన్ 0.1ని 0.10000000000000001 అని చూపేది. అందులో సందేహం లేదు, సంక్షేపమూ లేదు. తిరిగి అదే సంఖ్యకు చేర్చే పాఠాల్లో అతి పొట్టిదాన్ని రాయాలన్న మార్గాన్ని 1990లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు స్టీల్, వైట్ చూపారు. 2009లో పైథాన్ 3.1 ఆ పద్ధతికి వచ్చింది. తక్కువ అక్షరాలు, సందేహానికి తావులేకపోవడం సూత్రానికి పూర్వులు చెప్పిన లక్షణాలే. కాబట్టి తోక రాతలోని దోషం కాదు. కూడికలో జరిగినదాన్ని రాత దాచలేదు, అంతే.

అయితే ఈ లక్షణం అంతటా చాలునా? యంత్రానికి చాలును, పాసుపుస్తకానికి చాలదు. రెండెకరాల ముప్పై సెంట్లకు అతి పొట్టి పాఠం 2.3. అది చూసిన రైతు మూడు సెంట్లా, ముప్పయ్యా అని నిలదీస్తాడు, అక్కడ 2.30 అని సున్న చేర్చడమే అసందిగ్ధం. తెలంగాణలో అదే 2.30ను రెండెకరాల ముప్పై గుంటలుగా చదువుతారు. నలభై గుంటలు ఎకరం గనుక అది రెండు ముప్పావు ఎకరాలు! పాఠం ఎంత పొడవుండాలో సంఖ్య ఒక్కటే తేల్చదు, చదివేవారూ తేల్చాలి.

సిద్ధాంతం: విస్తీర్ణాన్ని 230 సెంట్లని పూర్ణాంకంగా దాచి, అచ్చులో మాత్రమే చుక్క పెట్టవలెను. అప్పుడు పది, ఇరవై కలిసి ముప్పయ్యే అవుతాయి. టీకాకారుడికి పని ఉండదు.